శ్రీహరికోట నేలను రెండు చివర్ల నుంచీ చూసి రావడం ఎలా

శ్రీహరికోట వెళ్ళొచ్చాం అన్నవాళ్ళని ఏం చూశారని అడగండి. రాకెట్ చూశాం అంటారు, లేకపోతే దారిలో నీళ్ళల్లో బోలెడు పక్షులు కనిపిస్తే కారాపి ఫొటోలు తీసుకున్నాం అంటారు. అడవి చూశారా అంటే మాత్రం, అక్కడ అడవెక్కడుంది అన్నట్టు మన మొహంలోకి చూస్తారు. ఉంది. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, ఆ రెండింటి మధ్యన ఉత్తరం నుంచి దక్షిణానికి కదురులాగా సాగిన ఇసుక నేల, దాని మీద నడివేసవిలో కూడా ఆకుపచ్చగానే ఉండే పొట్టి అడవి. మన కోస్తాలో ఒకప్పుడు చాలాచోట్ల ఇలాంటి అడవే ఉండేది. కొంత కట్టెలకు పోయింది, కొంత పొలాలైంది, కొంత సరుగుడు తోటలైంది. పెద్దగా, ఒకేచోట, చూడగలిగేంత మిగిలినవాటిలో ఇదొకటి. అందుకే దీన్ని రాకెట్ చూసొచ్చే దారిలో కనిపించేదిగా కాకుండా దీనికోసమే ఒకసారి వెళ్ళి చూడమని చెప్తున్నాను, ఎలా వెళ్ళాలో కూడా రాస్తున్నాను.

ముందు ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, నాయుడుపేట, వాకాడు వైపంతా తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. కాగితం మీద అంతే. మాకు మాత్రం అది ఇప్పటికీ నెల్లూరు దక్షిణపు కొసే, చుట్టాలూ పెళ్ళిళ్ళూ రొయ్యల బేరాలూ అన్నీ అటే. నేను చెప్పే దారి నెల్లూరులో మొదలై మళ్ళీ నెల్లూరుకే వస్తుంది, రెండు రోజుల పని. శనివారం మధ్యాహ్నం బయలుదేరితే ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటారు.

రెండో మాట ఇంకా ముఖ్యమైంది. శ్రీహరికోట లోపల మనిష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు. అది రాకెట్లు ఎగరేసే సతీష్ ధవన్ స్పేస్ సెంటర్ ప్రాంతం, షార్ అనేది కూడా దాన్నే, గేటు దగ్గర కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ వాళ్ళు ఉంటారు, అనుమతి లేకుండా ఒక్క అడుగు కూడా పడనివ్వరు. నిజానికి అలా పడనివ్వకపోవడం వల్లే ఆ అడవి ఇంకా మిగిలింది అని నా నమ్మకం. 1969లో ఈ చోటును ఎంపిక చేశారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అంతకు ముందు ఇక్కడి కట్టెలు బకింగ్‌హామ్ కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి. అడవినే నమ్ముకుని బతికిన యానాదులు, తేనె, దుంపలు, మందు వేర్లు అన్నీ తెలిసినవాళ్ళు, ఆ సెంటర్ వచ్చాక ఉన్నచోటు వదిలి రావాల్సి వచ్చింది. అడవి మిగిలిందని సంతోషపడేటప్పుడు అది కూడా గుర్తుంచుకోవాలి.

మరి లోపలికి వెళ్ళలేనప్పుడు చూసేదేముంది అంటారా. ఆ నేలకు రెండు వైపుల నుంచి దగ్గరికి వెళ్ళొచ్చు. పడమటి నుంచి సూళ్ళూరుపేట రోడ్డు, ఉత్తరం నుంచి వాకాడు, తూపిలిపాళెం తీరం. ఒకటి సరస్సు వైపు, ఇంకొకటి సముద్రం వైపు. రెండూ చూస్తేనే ఆ నేల ఏమిటో మనసుకు పడుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి సగం దాకా. ఇక్కడ అసలు వాన జూన్, జూలైల్లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ వానకే చెరువులు నిండేది, సరస్సులో ఉప్పు తగ్గేది, పక్షులు దిగేది. కానీ అదే తుఫానుల కాలం, కాబట్టి నవంబరులో వెళ్ళాలనుకుంటే వాతావరణం చూసుకునే బయలుదేరండి, అల్పపీడనం అన్నమాట వినబడితే వాయిదా వేసుకోండి. సంక్రాంతికి ముందో వెనకో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ పెట్టిన ఏడాదైతే జనం విపరీతంగా ఉంటారు, పిల్లలకు సరదాగా ఉంటుంది గానీ నిశ్శబ్దంగా పక్షుల్ని చూద్దామనుకుంటే ఆ రోజులు తప్పించండి. రోహిణి కార్తెలో మాత్రం వద్దు. సరస్సు ఉత్తరపు సగం ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది, నీడన్నది ఉండదు.

ఇక వెంట ఏం తీసుకెళ్ళాలి. ఆధార్ కార్డు, ప్రతి ఒక్కరిదీ. మంచినీళ్ళు, మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా. టోపీ. బైనాక్యులర్స్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, అవి లేకుండా పులికాట్‌లో ఫ్లెమింగోలు గులాబీ చుక్కల్లాగా కనిపిస్తాయి, ఉన్నాయంటే వాటి ముక్కు వంపు కూడా కనిపిస్తుంది. బట్టలు మట్టిరంగువి, ఆకురంగువి వేసుకోండి. తెల్ల చొక్కా, ఎర్ర చీర అయితే పక్షులు అల్లంత దూరాన ఉండగానే లేచిపోతాయి. దోమల మందు. చెత్త వేసుకోవడానికి ఒక సంచి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, అది రాకెట్ కేంద్రం పక్కన, అక్కడ దాన్ని ఎగరేస్తే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

రాకెట్ ప్రయోగం కూడా కలిసొచ్చేలా చూసుకుంటే మంచిదే. దానికి పద్ధతి ఉంది. 2019 మార్చి 31న లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచారు, సుమారు 5000 మంది కూర్చోవచ్చు. ప్రయోగం తేదీ చెప్పాక షార్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు, పేరు, ఆధార్ వివరాలు ఇచ్చి పాస్ తీసుకోవాలి. తొందరగా నిండిపోతుంది, కాబట్టి ప్రకటన వచ్చిన రోజు నుంచీ చూస్తూ ఉండండి. ప్రయోగం వాయిదా పడటం మామూలే, మర్నాడు సెలవు దొరికేలా ఉంటేనే ప్లాన్ చేయండి. ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. వెలుగు ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది, పది కిలోమీటర్ల దూరంలో నిలబడితే దాదాపు అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం రాకెట్ అంత మంటతో ఏ చప్పుడూ లేకుండా పైకి లేస్తూ ఉంటుంది. ఫోను పక్కన పెట్టి ఆ అరనిమిషం కళ్ళతో చూడండి.

మొదటి రోజు

నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట సుమారు 93 కిలోమీటర్లు, చెన్నై హైవే మీద గూడూరు, నాయుడుపేట దాటి వెళ్ళడమే. రైలు కూడా ఉంది, మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్ళకైతే లోకల్ రైళ్ళు సూళ్ళూరుపేట దాకా వస్తాయి. కానీ రెండో రోజు తీరం ఊళ్ళు తిరగాలి కాబట్టి సొంత బండో అద్దె కారో ఉంటేనే సుఖం. భోజనం చేసి పన్నెండున్నరకు బయలుదేరితే మూడు లోపే చేరతారు. గది ముందే ఫోన్ చేసి పెట్టుకోండి, ప్రయోగం ఉన్న వారమైతే ఒక్క గది కూడా దొరకదు.

చేరగానే కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్ళండి. ఈ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు కూడా ఇక్కడికొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. పావుగంట చాలు, గుడి చూసుకుని నాలుగు కల్లా సరస్సు రోడ్డు ఎక్కాలి.

ఆ రోడ్డే ఈ ప్రయాణానికి ప్రాణం. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట దాకా సుమారు 17 కిలోమీటర్లు, అందులో చాలా భాగం సరస్సు మధ్యలోంచి కట్ట మీద పోతుంది. పులికాట్‌ను పాతవాళ్ళు ప్రళయ కావేరి అంటారు. దేశంలో ఒడిశాలోని చిలికా సరస్సు తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, సముద్రం ముఖద్వారాల నుంచి ఉప్పునీళ్ళు తోస్తుంది, రెండూ కలిసేచోట రొయ్య పెరుగుతుంది, ఆ రొయ్య కోసం మనుషులూ పక్షులూ వస్తారు.

కారు నెమ్మదిగా పోనివ్వండి. రోడ్డు సన్నం, పక్కన జారుడు, వెనక సెంటర్ బస్సులు వస్తుంటాయి. ఎక్కడపడితే అక్కడ ఆపకుండా వెడల్పున్న చోట పూర్తిగా పక్కకు తీసి ఆపండి, ఇంజన్ ఆపేయండి, వెంటనే దిగకండి. కారు ఆగితే పక్షి పట్టించుకోదు, కారు తలుపు తెరిచి మనిషి దిగితేనే బెదురుతుంది. ఐదు నిమిషాలు అద్దం దించుకుని లోపలే కూర్చుంటే, దూరంగా జరిగిన గుంపు మళ్ళీ మేసుకుంటూ దగ్గరికి వస్తుంది. ఫ్లెమింగో మేసే తీరు అప్పుడు చూడాలి. తల పూర్తిగా తలకిందులుగా నీళ్ళలో పెట్టి, ముక్కుతో బురదనీళ్ళు పీల్చి, జల్లెడపట్టినట్టు నీళ్ళు వదిలేసి మేత ఉంచుకుంటుంది, కాళ్ళు మాత్రం ఒకేచోట తొక్కుతూ ఉంటాయి, అడుగున ఉన్నది పైకి తేలడానికి. దాని గులాబీ రంగు ఆ మేతలోంచి వచ్చిందే. నీళ్ళల్లో నాచు, చిన్నచిన్న రొయ్యల్లాంటి పురుగులు తినే కొద్దీ రంగెక్కుతుంది, పిల్లలు అందుకే బూడిదరంగులో ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. దగ్గర్నుంచి ఫొటో తీద్దామని కట్ట దిగి నీళ్ళ వైపు నడవకండి. పైకి గట్టిగా, తెల్లగా ఉప్పు పేరుకుని చదునుగా కనిపిస్తుంది, కింద అంతా ఊబి. మూడేళ్ళ కిందట మా అన్న కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, వద్దంటున్నా పది అడుగులు వేశాడు. పదకొండో అడుగులో మోకాలి దాకా దిగిపోయాడు, ఇంకో కాలు లాక్కుందామని ఊపిన కొద్దీ రెండోది కూడా దిగింది. మేం కట్ట మీద నుంచి కేకలు పెట్టడం తప్ప ఏం చేయలేకపోయాం. సైకిల్ మీద వల వేసుకుని పోతున్న పెద్దాయన ఆగి, కదలొద్దు బిడ్డా, వెనక్కి కూర్చో, అన్నాడు. వాడు వెనక్కి కూలబడ్డాడు. ఆయన బోర్లా పడుకుని వల కర్ర అందించి, ఒక కాలు అటూ ఇటూ కదుపుతూ గాలి చొరబడనిచ్చి లాగు అని చెప్తూ, పావుగంటలో బయటికి తీసుకొచ్చాడు. చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. ఎవరైనా ఇరుక్కుంటే చేయాల్సింది అదే, నిలబడి గింజుకోకుండా వెనక్కి వాలి బరువు పరచాలి, అటూ ఇటూ కదుపుతూ ఒక్కో కాలూ తీయాలి, సాయం చేసేవాళ్ళు కూడా పడుకునే దగ్గరికి వెళ్ళాలి.

నీళ్ళు లోతు తక్కువున్న చోట యానాది ఆడవాళ్ళు రొయ్యలు పట్టడం కనిపిస్తే అక్కడే కాసేపు ఆగండి. వలలేదు, గాలంలేదు. నడుం లోతు నీళ్ళలో వంగి, రెండు చేతులూ బురద మీద తడుముకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు, వేలికి తగిలిన రొయ్యను అలాగే పట్టి బుట్టలో వేస్తారు. ఆ బుట్ట తాడు పళ్ళతో కరిచి పట్టుకుని ఉంటారు, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి కాబట్టి. అడగకుండా ఫొటో తీయకండి. రొయ్యలు అమ్ముతారా అని అడగండి, అమ్మితే అడిగినంత ఇచ్చి కొనండి.

శ్రీహరికోట గేటు కాస్త దూరాన ఉండగానే అడవి అంచు కనిపిస్తుంది. గేటు దగ్గర ఫొటోలు తీయకూడదు, అక్కడ ఆగి గుంపుగా నిలబడనూ కూడదు, అందుకే ముందే ఆగి చూడండి. పాస్ మీద లోపలికి వెళ్ళిన రోజైతే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకు ఇదా అడవి అనిపిస్తుంది, నల్లమలలాగా ఎత్తుగా, గంభీరంగా ఉండదు. ఉప్పుగాలికి పైకొమ్మలు కత్తెర వేసినట్టు ఒకే ఎత్తులో ఉంటాయి, కింద తీగలూ ముళ్ళపొదలూ అల్లుకుని చేయి దూరనంత ఒత్తుగా ఉంటుంది. ఆకు చూడండి, దళసరిగా, తోలులాగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఏడాదిలో రెండు మూడు నెలలు కురిసిన వానను మిగతా నెలలంతా దాచుకోవాలి కాబట్టి ఆకు అలా గట్టిపడింది. పాలచెట్టు, అల్లి, నేరేడు, బలుసు, కలివి, తుమికి, మధ్యమధ్య తాటి, ఈత. మా అమ్మమ్మ వేసవిలో పాలపండ్లు దొన్నెల్లో పెట్టి ఇచ్చేది, వేలి కొనంత పసుపు పండు, కొరికితే పెదాలు జిగురుగా అంటుకుంటాయి, తియ్యదనం మాత్రం నాలుక వదలదు. అల్లి పూస్తే ఇంకో అందం, కొమ్మ బెరడునే అంటుకుని ముదురు నీలం పూలు గుత్తులుగా వస్తాయి, ఆకుల్లో వెతికితే దొరకవు.

అయిదున్నర దాటాక కారు వెనక్కి తిప్పి పడమటికి మొహం పెట్టి ఆపండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ సముద్రంలోకి దిగడు, నీళ్ళలోకి దిగడం చూడాలంటే ఇలా సరస్సుకు తూర్పున నిలబడాలి. ఈ ఒక్క నేల మీద రెండూ దొరుకుతాయి. చీకటి పడకముందే కట్ట దాటి ఊళ్ళోకి వచ్చేయండి, ఆ రోడ్డు మీద చీకట్లో పశువులు అడ్డొస్తాయి.

రాత్రికి సూళ్ళూరుపేటలో రొయ్యల వేపుడో ఎండ్రకాయల పులుసో తినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలల్లో వెళ్తే సముద్రం చేప దొరకడం కష్టం, దొరికినా తాజాదో కాదో అడిగి చూసుకోండి. పెందలాడే పడుకోండి.

రెండో రోజు

ఐదింటికి లేచి ఐదున్నరకు బయలుదేరాలి, టిఫిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. వెనక్కి నెల్లూరు వైపు హైవే మీద వస్తూ దొరవారిసత్రం దగ్గర తూర్పుకు తిరిగితే నేలపట్టు. పొద్దెక్కకముందే గట్టు మీద ఉండండి. ఇది చెరువు, లోపల నీటి కడప చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టుకుంటాయి. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు, విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. పక్షి నిద్రపోయేదీ పిల్లల్ని పెంచేదీ ఇక్కడ, తిండి తెచ్చేది నిన్న మీరు చూసిన పులికాట్ నుంచి. అందుకే నిన్న అది, ఇవాళ ఇది చూడమంటున్నాను. జనవరిలో వెళ్తే పిల్లలకు మేత పెట్టడం కనిపిస్తుంది. తల్లి వాలగానే పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలో దూర్చేస్తుంది, భుజాల దాకా, మింగేసిందేమో అన్నంత లోపలికి, తర్వాత తడిసిన తలతో బయటికి వస్తుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అవే చెట్ల మీద వాటాలేసుకున్నట్టు ఉంటాయి. వాచ్ టవర్ ఉంది, ఎక్కండి, కానీ పైన మాట్లాడకండి. చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని కదిలించరు, రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ ముక్క తప్పకుండా చెప్పండి, రాళ్ళేయడం మానేస్తారు.

ఎనిమిదిన్నరకు నాయుడుపేట చేరి టిఫిన్ చేయండి, కారం దోసె అడగండి. పెట్రోలు ఇక్కడే నింపుకోండి, డబ్బులు కూడా కొంచెం చేతిలో ఉంచుకోండి, ఇటుపైన ఊళ్ళు చిన్నవి. అక్కడి నుంచి తూర్పుకు తిరిగి మల్లాం మీదుగా వాకాడు, వాకాడు నుంచి తూపిలిపాళెం. మల్లాంలో సుబ్రహ్మణ్యస్వామి గుడి పాతది, దారిలోనే కాబట్టి చూసుకుని వెళ్ళండి. మలుపుల దగ్గర ఫోన్ మ్యాప్‌ను మాత్రమే నమ్మకుండా టీ అంగడి దగ్గర ఒకసారి అడగండి, ముఖ్యంగా వానలు పడ్డాక, చప్టాల మీద నీళ్ళు పారుతుంటాయి.

తూపిలిపాళెంలో దిగగానే కనిపించేది సరుగుడు తోపు. చల్లగా ఉంటుంది, గాలి వీస్తే హోరుమంటుంది, అందరూ అక్కడే దుప్పటి పరుస్తారు. పరవండి, కానీ ఒక్కసారి కిందికి చూడండి. సూదుల్లాంటి ఆకు మందంగా రాలి ఉంటుంది, దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. సరుగుడు మన చెట్టు కాదు. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్లకు కట్టెల కోసం మద్రాసు తీరం పొడవునా వేయించారు. గాలిని ఆపుతుంది, రైతుకు డబ్బిస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ తోట వేరు, అడవి వేరు. నిన్న సాయంత్రం చూసిన అడవి అంచును గుర్తు తెచ్చుకుని దీన్ని చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాత అడవి ముక్కలు ఇప్పటికీ తీరం ఊళ్ళలో అక్కడక్కడా గ్రామదేవత గుడి చుట్టూ మిగిలి ఉంటాయి, అమ్మవారి చెట్టు కాబట్టి ఎవరూ గొడ్డలి పెట్టరు. అలాంటి తోపు కనిపిస్తే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి, ఏం చెట్లో అక్కడ కూర్చున్న పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు తెలిసినన్ని పేర్లు ఏ బోర్డు మీదా రాసి ఉండవు.

తోపు దాటి ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు కాలి కింద చూసుకోండి. నేలంతా పాకి ఊదారంగు పూలు పూసేది బాలబందు తీగ. ముళ్ళ బంతుల్లాగా గాలికి దొర్లేవి రావణాసురుడి మీసాలు, పాదానికి గుచ్చుకుంటే నొప్పి పెడతాయి. ఈ రెండే దిబ్బను పట్టి ఉంచేవి, పీకితే ఇసుక కదిలిపోతుంది, దిబ్బ పోతే ఉప్పెన వచ్చిన రోజున ఊరికి అడ్డం ఏదీ ఉండదు. కాబట్టి అందరూ నడిచిన బాటలోనే నడవండి, బండి దిబ్బ మీదికి ఎక్కించకండి. సరస్సు వైపు చవిటి నేలల్లో ఇలకూర, వంగరెడ్డికూర పెరుగుతాయి, ఉప్పు వేయకుండానే ఉప్పగా ఉంటాయి, ఎవరింట్లోనైనా పప్పులో వేసి పెడితే వద్దనకండి.

సముద్రంలో స్నానం గురించి గట్టిగా చెప్తాను. ఇక్కడ ఒడ్డు వాలు ఎక్కువ, రెండు మూడు అడుగుల్లోనే నడుం లోతు వచ్చేచోట్లున్నాయి, వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. కార్తీక పౌర్ణమి నాడు, కనుమ నాడు జనం ఎక్కువున్న రోజునే ప్రమాదాలు కూడా ఎక్కువ, ఎవరు లోపలున్నారో ఎవరికీ తెలియదు. ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి నీళ్ళు చూడండి. అలలు విరుగుతున్న వరసలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీళ్ళు మురికిగా లోపలికి పోతున్నట్టు కనిపిస్తే అదే లాగుడున్న చోటు, అందరూ ప్రశాంతంగా ఉందని అక్కడే దిగుతారు. మోకాలు దాటి వెళ్ళకండి. ఒకవేళ లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే ఆ లాగుడు వెడల్పు దాటాక అలలే తోసుకొస్తాయి. మందు తాగినవాళ్ళను నీళ్ళలోకి దిగనివ్వకండి, మీ బావైనా మామైనా సరే. దిగేముందు అక్కడి జాలర్లను, ఇవాళ నీళ్ళెలా ఉన్నాయన్నా అని అడగండి, వాళ్ళు వద్దంటే వద్దు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆలివ్ రిడ్లీలు. రాత్రి పూట వచ్చి ఇసుక తవ్వి నూరుకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి కప్పి వెళ్ళిపోతాయి. పొద్దున్నే నడిస్తే ట్రాక్టరు టైరు పోయినట్టు జాడ కనిపిస్తుంది, నీళ్ళ దగ్గర మొదలై దిబ్బ దాకా వెళ్ళి మళ్ళీ నీళ్ళకే వస్తుంది. ఆ జాడ కొసన ఇసుక తవ్వకండి. వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవి కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి, ఫిబ్రవరిలో ఒకసారి మేం రెండు కిలోమీటర్లు నడిస్తే నాలుగు కనిపించాయి, ఒకదాని డొప్ప మీద ఇంకా తడి ఆరలేదు. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్ళకు చెప్పండి. రాత్రి ఒడ్డున ఉండాల్సి వస్తే టార్చి, కారు లైట్లు వేయకండి, పిల్లలు గుడ్లలోంచి వచ్చినప్పుడు వెలుగున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి.

ఎండ ముదరకముందే లేచి దుగరాజపట్నం వైపు వెళ్ళండి. ఇంగ్లీషువాళ్ళు 1626లో ఇక్కడ కొట్టు పెట్టి ఆర్మగాన్ అని పిలిచారు, మద్రాసు కన్నా ముందు. ఇక్కడ ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయనే తర్వాత దక్షిణానికి వెళ్ళి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. పెద్దగా చూడ్డానికి ఏమీ మిగల్లేదు, ఆర్మగాన్ పేరు మాత్రం లైట్‌హౌస్‌కు ఉండిపోయింది. అయినా నేను వెళ్ళమనేది వేరే కారణానికి. ఇక్కడ నిలబడి దక్షిణానికి చూస్తే, నిన్న గేటు దగ్గర ఆగిపోయిన ఆ నేల ఉత్తరపు కొస కనిపిస్తుంది. రాయదొరువు దగ్గర సముద్రం సరస్సులోకి దారి తీసుకునేది ఈ వైపే. ఇసుక అడ్డం పడి ఆ దారి పూడితే సరస్సులోకి ఉప్పునీళ్ళూ రావు, రొయ్య పిల్లలూ రావు, అందుకే జాలర్లు మాట్లాడితే ముఖద్వారం గురించే మాట్లాడతారు. తీరిక ఉంటే కూర్చుని వినండి.

పడవ ఎక్కాలని పిల్లలు గొడవ చేస్తే దానికి ఇది చోటు కాదు, తడ దగ్గర భీములవారిపాళెం నుంచి ఇరకం దీవి వైపు పడవలు పోతాయి, మొదటి రోజు పొద్దున్నే బయలుదేరగలిగితే అది కలుపుకోవచ్చు. లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, మధ్యాహ్నం గాలి లేచేలోపు తిరిగొచ్చేయండి.

తిరుగు ప్రయాణం వాకాడు, విద్యానగర్, కోట, గూడూరు మీదుగా. రెండింటికి బయలుదేరితే దారిలో ఎక్కడైనా భోంచేసినా సాయంత్రానికి నెల్లూరు. ఇంటికి రాగానే రెండు పనులు చేయండి. బండిని, ముఖ్యంగా కింది భాగం, మంచినీళ్ళతో బాగా కడిగించండి, ఆ ఉప్పు గాలి, ఉప్పు బురద నెల తిరిగేసరికి ఇనుము తినేస్తాయి. పిల్లలు జేబుల్లో గవ్వలూ శంఖాలూ తెచ్చి ఉంటారు, అన్నీ పళ్ళెంలో పోసి ఒక్కోటీ తిప్పి చూడండి, లోపల ఎండ్రకాయ ప్రాణంతో ఉండొచ్చు. వాటిని నీళ్ళలో వేసి పెంచుదామనుకోకండి, బతకవు. మర్నాడు పొద్దున్నే మైపాడు పాతిక కిలోమీటర్లే, తీసుకెళ్ళి తడి ఇసుక మీద వదిలేయండి.